ఉదర శస్త్రచికిత్స చరిత్రలో రోగి స్థానము

వైద్యశాస్త్రములో 'కేసు' అను మాట మిక్కిలి సాధారణమైనది. రోగి చెప్పుకొన్న బాధ, వైద్యుడు చేసిన పరీక్ష, నిర్ణయించిన వ్యాధి, జరిపిన చికిత్స, దాని ఫలితము - ఈ వరుసలో వ్రాయబడిన సంక్షిప్త వృత్తాంతమునకే ఆ పేరు. సాహిత్యము బోధించువానికి దీనితో ఏమి పని యని మన సైన్సు విభాగపు మిత్రులు ప్రశ్నింపవచ్చును. కేసు కూడ ఒక కథనమే గనుక పని కలదని నా సమాధానము. ఏ కథనమునైనను చదువునపుడు మనము రెండు విషయములు అడుగుచుందుము: ఈ కథ ఎవరు చెప్పుచున్నారు? ఎవరి మాట ఇందులో వినిపించుట లేదు? ఈ రెండు ప్రశ్నలను శస్త్రవైద్యుల కేసులకు కూడ వేసి చూడవలెనని కొంతకాలముగా నాకు తోచుచున్నది. జీవశాస్త్రము చదువుచున్న మన విద్యార్థులలో కొందరు రేపు తామే కేసులు వ్రాయవలసిన వారు. అందుచేత ఈ ప్రయత్నము.

అన్ని అవయవములను వదలి ఉదరమునే తీసుకొనుటకు కారణమున్నది. 1846కు ముందు వైద్యునికి నమ్మదగిన మత్తుమందు లేదు. 1867లో జోసెఫ్ లిస్టరు కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించు వరకు, చీము పట్టకుండ కాపాడు మార్గము లేదు. కాలో చేయో తీసివేసిన మనిషి బ్రతుకవచ్చును. పొట్ట తెరచినచో ఉదరపు లోపలి పొర వాచి, రోగి కొన్ని దినములలోనే మరణించుట సాధారణముగా జరిగెడిది. కాబట్టి ఆ రోజులలో పొట్ట కోయుటకు పూనుకొన్న వైద్యునిది సాహసము. అందుకు అంగీకరించిన రోగిది అంతకంటె పెద్ద సాహసము.

ప్రాచీన గ్రంథములలో ఈ విద్య లేకపోలేదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానములో పేగు మూసుకొనిపోయిన రోగికి నాభికి దిగువను, మధ్యరేఖకు ఎడమగా పొట్ట కోసి, అడ్డమును తొలగింపుమని చెప్పబడినది. పేగుకు రంధ్రము పడినచో దాని అంచులను పెద్ద నల్లచీమలచేత కరపించి, చీమల మొండెములను త్రుంచివేసి, తలలను కుట్లవలె ఉంచవలెనట. పదవ శతాబ్దమున స్పెయిను దేశమందలి కార్డొబాలో జీవించిన అబుల్ ఖాసిం అల్-జహ్రావీ కూడ, 'అల్-తస్రీఫ్' అను తన మహాగ్రంథపు ముప్పదవ భాగములో ఈ చీమల ఉపాయమును ప్రస్తావించినాడు. మన ఉర్దూ విభాగపు మిత్రులు 'జర్రాహీ' అని పిలుచు విద్యకు ఆయన ఆచార్యుడు. అయితే ఇద్దరి రచనలోను ఒక భేదము కనిపించును. సుశ్రుతునిది విధివాక్యము, 'ఇట్లు చేయవలెను' అనుటతో ముగియును. జహ్రావీ విధి చెప్పి, దాని ప్రక్కన తాను చూచిన మనిషిని నిలుపును. కత్తిపోటు తగిలి పేగు బయటకు జారిన ఒకనికి దానిని తిరిగి లోపలికి చేర్చి గాయము మాన్పిన వృత్తాంతమును ఆయన వ్రాసినాడు. ఆ మనిషి పేరు మనకు దక్కలేదు. అయినను శాస్త్రగ్రంథములోనికి ఒక మనిషి అడుగు పెట్టినాడు.

1735 డిసెంబరులో లండనులోని సెయింట్ జార్జి ఆస్పత్రిలో క్లాడియస్ అమ్యాండ్ అను వైద్యుడు హాన్‌విల్ ఆండర్సన్ అను 11 సంవత్సరముల బాలునికి చికిత్స చేసినాడు. బాలునికి హెర్నియా ఉన్నది; తొడవైపు తెరచుకొన్న పుండునుండి మలము స్రవించుచున్నది. కోసి చూడగా హెర్నియా సంచిలో ఉండుకము, అనగా అపెండిక్సు, కనబడినది. బాలుడు ఎప్పుడో మ్రింగిన గుండుసూది దానిని పొడుచుకొని బయటకు వచ్చియున్నది. అమ్యాండ్ ఆ ఉండుకమును తొలగించినాడు. శస్త్రచికిత్స ఇంచుమించు అరగంట సాగినది, బాలుడు బ్రతికినాడు. లిఖిత చరిత్రలో ఇదియే మొదటి అపెండిక్సు శస్త్రచికిత్స. నాకు నచ్చినది మరొకటి. ఈ పని తనకు ఎంత శ్రమకరమో రోగికి అంత బాధాకరముగా ఉండెనని అమ్యాండ్ తన నివేదికలో ఒప్పుకొన్నాడు. మత్తుమందు లేని ఆ అరగంటలో పదునొకండేండ్ల పిల్లవాడు ఏమనుభవించెనో ఆ ఒక్క వాక్యముచేతనే మనము ఊహించుకొనగలము. ఆ పిల్లవాని పేరును కూడ ఆయన దాచలేదు.

ఇక కణితుల కేసులకు వత్తము. అమెరికాలోని కెంటకీ ఆనాడు వలసదారుల అడవిసీమ. 1809 డిసెంబరులో అచ్చటి డాన్‌విల్ పట్టణపు వైద్యుడు ఎఫ్రైమ్ మెక్‌డోవెల్‌కు, అరువది మైళ్ళ దూరమున నున్న ఒక స్త్రీని చూడవలసినదిగా పిలుపు వచ్చినది. ఆమె పేరు జేన్ టాడ్ క్రాఫర్డ్. వయస్సు నలుబదియైదు దాటినది. కడుపు విపరీతముగా పెరిగి యుండుటచే కవల పిల్లలని అచ్చటి వైద్యులు భావించినారు. మెక్‌డోవెల్ పరీక్షించి, గర్భము కాదు, అండాశయపు కణితి యని గ్రహించినాడు. ఇటువంటి కణితిని పొట్ట కోసి తీసి రోగిని బ్రతికించినవారు అంతవరకు ఎవ్వరును లేరు. ఈ సంగతి ఆయన ఆమెవద్ద దాచలేదు. అపాయమును వివరించి, డాన్‌విల్‌కు రాగలిగినచో ప్రయత్నింతునని చెప్పినాడు. నిర్ణయమును ఆమెకే వదలినాడు.

ఆమె గుఱ్ఱమెక్కినది. శీతకాలములో అరువది మైళ్ళు, కొన్ని దినముల ప్రయాణము. జీను ముందరి కొమ్మునకు కణితి ఆని ఒరసికొనుటచే పొట్టపై కమిలిన గాయము ఏర్పడినదని నివేదిక చెప్పుచున్నది. ఆ కమిలిన మచ్చను వ్రాసిన వాక్యము చిన్నది. ఆమె పడిన పాటు అంతయు అందులోనే యున్నది.

మెక్‌డోవెల్ పొట్టకు ఎడమవైపున తొమ్మిది అంగుళముల కోత పెట్టినాడు. కోత పెట్టగానే పేగులు బల్లపైకి జారినవి. కణితి నిండియుండుటచే పని ముగియువరకు వాటిని లోపలికి చేర్చుటకు చోటు లేకపోయినది. కణితి మూలమును దారముతో బిగించి కట్టి, దానిని చీల్చి, జిగురువంటి పదార్థమును 15 పౌన్ల బరువున తీసినాడు. పిమ్మట తీసిన సంచి బరువు 7½ పౌన్లు. పని మొత్తము ఇరువదియైదు నిమిషములలో ముగిసినది. మత్తుమందు లేదు. ఆ సమయమంతయు ఆమె దైవకీర్తనలు పఠించుచుండెనని తరువాతివారు చెప్పుకొందురు. వైద్యుని నివేదిక ఆ విషయమున మౌనము వహించినది. అయిదవ దినమున మెక్‌డోవెల్ ఆమెను చూడబోవగా, ఆమె లేచి తన ప్రక్క తానే సర్దుకొనుచున్నది. ఇరువదియైదవ దినమున ఇల్లు చేరుటకు బయలుదేరినది. 1842 వరకు జీవించినది. ఆమెకు శస్త్రము చేసిన వైద్యుడు అప్పటికి పండ్రెండేండ్ల క్రిందటనే, 1830లో, మరణించియుండెను!

మెక్‌డోవెల్ ఈ వృత్తాంతమును వెంటనే ప్రకటింపలేదు. మరి రెండు కేసులు చేసిన తరువాత, 1817లో మూడింటిని కలిపి ఒక చిన్న వ్యాసముగా అచ్చు వేయించినాడు. లండను వైద్యపత్రిక సంపాదకుడొకడు మొదట దీనిని అవిశ్వాసముతో ఎగతాళి చేసి, తరువాత క్షమాపణ చెప్పుకొన్నాడు. ఈ కథ వైద్య చరిత్రలో తరచు చెప్పబడుచుండును. తక్కువగా చెప్పబడునది మిగిలిన రెండు కేసుల సంగతి. ఆ ఇద్దరు రోగులును నల్లజాతి స్త్రీలు. వారి పేర్లు నివేదికలో లేవు. కెంటకీ నాడు బానిస వ్యవస్థ గల రాష్ట్రము. బానిసగా ఉన్న స్త్రీ విషయములో అనుమతి ఇచ్చు అధికారము యజమానిది. కత్తి దిగునది మాత్రము ఆమె శరీరములోనికి. శ్రీమతి క్రాఫర్డ్‌కు అపాయమును వివరించి 'నిర్ణయము నీది' అనిన న్యాయము వారికి ఎంతవరకు దక్కియుండును? ఒకే వ్యాసములో, ఒకే వైద్యుని కలము క్రింద, ముగ్గురు స్త్రీలు ఒకే బాధను భరించినారు. ఒకరి పేరు శిలాఫలకములకు ఎక్కినది. తక్కిన ఇద్దరు జాతిపేరుతోనే మిగిలిపోయినారు. కేసు చదువునపుడు ఏమి వ్రాయలేదో కూడ చూడవలెనని నేను అనుటకు ఇదియే కారణము.

1846 అక్టోబరులో బోస్టను నగరమున ఈథరు ప్రయోగము బహిరంగముగా జయప్రదమైనది. మరుసటి సంవత్సరము క్లోరోఫారము వచ్చినది. ఇచ్చట మన హైదరాబాదును ఒక్కసారి తలచుకొనుట సముచితము. క్లోరోఫారముచే కలుగు మరణములలో మొదట ఆగునది శ్వాసయా, గుండెయా అను వివాదమును తేల్చుటకు 1888లోను, 1889లోను ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పోషణలో, ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున ఇచ్చటనే రెండు పరిశోధక సంఘములు పనిచేసినవి. శ్వాసయే ముందు ఆగునని ఆ సంఘములు తీర్పు చెప్పినవి. గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చునని ఇరువదియవ శతాబ్దారంభమున జరిగిన పరిశోధనలు నిరూపించుటచే ఆ తీర్పు నిలువలేదు. నిలువకపోయినను, ప్రపంచ వైద్యులు హైదరాబాదు పేరు చెప్పుకొని వాదించుకొనిన కాలమొకటి ఉండెనని మన విద్యార్థులు ఎరుగుట మంచిది.

మత్తుమందు, క్రిమినాశక పద్ధతి చేతికి వచ్చిన తరువాత వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ జీర్ణాశయపు క్యాన్సరును కోయుటకు సాహసించినాడు. ఆయనకు ముందు 1879లో ప్యారిస్‌లో పేఆన్, 1880లో రిడిగియర్ ప్రయత్నించినారు. వారి రోగులు బ్రతుకలేదు. 1881 జనవరి 29న బిల్‌రోత్ బల్లపై పడుకొనినది తెరేజ్ హెల్లర్, 43 సంవత్సరముల తల్లి. జీర్ణాశయము పేగుతో కలియు ద్వారము కణితిచే మూసుకొనిపోయి, తిన్నదెల్లను వాంతియగుచు, కొద్దిపాటి పులిసిన పాలతో ప్రాణము నిలుపుకొనుచున్నది. బిల్‌రోత్ సుమారు గంటన్నర కాలములో కణితిగల భాగమును తీసివేసి, మిగిలిన జీర్ణాశయమును పేగుతో పట్టుదారపు కుట్లతో కలిపినాడు. శస్త్రము జయప్రదమైనది, ఆమె ఆహారము తీసికొనగలిగినది. నాలుగు మాసములు గడువకమునుపే కాలేయమునకు వ్యాపించిన అదే వ్యాధిచే మరణించినది.

దీనిని విజయమనవలెనా, అపజయమనవలెనా? శస్త్రవైద్య గ్రంథములు విజయమనియే వ్రాయును. జీర్ణాశయపు భాగమును తీసివేసినను మనిషి తిని అరిగించుకొనగలడని రుజువైనది గనుక వారు ఆ విధముగా వ్రాయుట న్యాయమే. హెల్లర్ కుటుంబమునకు దక్కినది నాలుగు మాసములు. నా మటుకు నాకు, ఆకలితో చనిపోవుచున్న మనిషికి తిరిగి అన్నము తినగలుగు నాలుగు మాసములు తక్కువవి కావు. బిల్‌రోత్ గొప్పతనము మరొకచోట కూడ ఉన్నది. తన చేతిలో చనిపోయిన రోగుల లెక్కలను కూడ ఆయన ప్రకటించెడివాడు. బ్రతికిన కేసులను మాత్రమే అచ్చు వేయించు వైద్యుడు తన తరువాత వచ్చు వైద్యుని మోసగించుచున్నాడు. ఆ వైద్యుని బల్లపై పడుకొను రోగిని ఇంకను ఎక్కువగా మోసగించుచున్నాడు.

గాయముల కేసులలో నేను రెంటిని జతపరచి చదువుదును. రెండును జీర్ణాశయమునకు తగిలిన తుపాకి గాయములే. 1822 జూన్ 6న అమెరికా ఉత్తర సరిహద్దులోని మాకినా ద్వీపమున, తోలు వర్తకపు కంపెనీ దుకాణములో పొరపాటున ఒక తుపాకి పేలినది. గజము దూరములో నిలిచియున్న అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను కెనడా యువకుని ఎడమ ప్రక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తి, జీర్ణాశయము గాయపడినవి. సైన్యపు వైద్యుడు విలియం బోమాంట్ వచ్చి, బ్రతుకడనియే తలచుచు కట్టు కట్టినాడు. యువకుడు బ్రతికినాడు. గాయము మానినది గాని జీర్ణాశయపు రంధ్రము పూడక, దాని అంచులు చర్మముతో కలిసిపోయి, పొట్టకు ఒక కిటికీ ఏర్పడినది. పోషణఖర్చు భరించుటకు స్థానికాధికారులు నిరాకరింపగా బోమాంట్ అతనిని తన ఇంటికి తెచ్చుకొన్నాడు.

ఇంతవరకు ఇది కరుణ. 1825 నుండి ప్రయోగములు మొదలైనవి. మాంసము, రొట్టె, క్యాబేజీ ముక్కలను పట్టుదారమునకు కట్టి ఆ రంధ్రములోనుండి జారవిడిచి, గంటకొకసారి పైకి లాగి ఎంత అరిగినదో చూచెడివాడు. జఠరరసమును గొట్టముతో తీసి సీసాలో పోసి, అందులో మాంసము కరగుటను గమనించెడివాడు. కోపము వచ్చినపుడు జీర్ణక్రియ చెడునని కూడ వ్రాసినాడు. ఆ కోపమునకు కారణమేమో వ్రాయవలసిన అవసరము ఆయనకు తోచలేదు! 1833లో ప్రకటించిన గ్రంథములో 238 ప్రయోగముల వివరమున్నది. జీర్ణక్రియ రసాయన చర్య యనియు, జఠరరసములో హైడ్రోక్లోరికామ్లము ఉన్నదనియు దానిచే స్థిరపడినది. మనము తరగతిలో చదువు జీర్ణక్రియ పాఠమునకు ఒక పునాది ఆ కూలివాని పొట్టలోని రంధ్రము.

మధ్యలో సెయింట్ మార్టిన్ చెప్పకుండ కెనడాకు వెళ్ళిపోయి, పెండ్లి చేసుకొని, బిడ్డలను కని, మరల కుటుంబముతో తిరిగి వచ్చినాడు. 1832లో ఏడాదికి 150 డాలర్లు, తిండి, బస అను షరతులతో ఒప్పందము వ్రాయబడినది. 1834లో వెళ్ళిపోయి, బోమాంట్ ఎన్ని ఉత్తరములు వ్రాయించినను మరి రాలేదు. గ్రంథములో అతని జీర్ణాశయము పలికినది, అతడు మాటలాడలేదు. అతడు ఇచ్చిన సమాధానము ఆ వెళ్ళిపోవుటయే యని నేననుకొందును. 1880లో అతడు మరణించినపుడు, వైద్యులు వచ్చి శరీరమును కోయుదురేమో యను భయముతో కుటుంబమువారు వేసవి ఎండలో శవము చెడిపోవు వరకు ఉంచి, చాల లోతుగా గొయ్యి త్రవ్వి పూడ్చినారు. 1964లో ప్రపంచ వైద్యసంఘము హెల్సింకీలో చేసిన ప్రకటన, మనుష్యులపై పరిశోధనకు వారు తెలిసి, ఇష్టపడి ఇచ్చిన అనుమతి అవసరమని చాటినది. నేడు ఒక రోగి కేసును పత్రికలో ప్రకటించుటకు సైతము సాధారణముగా అతని వ్రాతపూర్వకమైన సమ్మతి కోరుదురు.

రెండవ గాయము 1901 సెప్టెంబరు 6న అమెరికా అధ్యక్షుడు విలియం మెకిన్లీకి బఫెలో నగరపు ప్రదర్శనశాలలో తగిలినది. గుండు జీర్ణాశయపు ముందు గోడను, వెనుక గోడను చీల్చినది. అందుబాటులోనున్న శస్త్రవైద్యుడు మాథ్యూ మాన్ స్త్రీవ్యాధులలో నిపుణుడు. వెలుతురు చాలక, అస్తమించుచున్న సూర్యకాంతిని అద్దముతో గాయముపైకి త్రిప్పినారు. రెండు రంధ్రములను కుట్టినారు, గుండు దొరకలేదు. అదే ప్రదర్శనలో క్రొత్తగా వచ్చిన ఎక్స్‌రే యంత్రముండెను గాని దానిని వాడలేదు. ఎనిమిదవ దినమున, గుండు పోయిన త్రోవ పొడుగున కండ క్రుళ్ళి అధ్యక్షుడు మరణించినాడు. మత్తుమందు, క్రిమినాశకములు ఎరుగని కాలమున కూలివాడు 58 సంవత్సరములు బ్రతికినాడు. రెండును గల కాలమున దేశాధ్యక్షుడు బ్రతుకలేదు. ఒక్క కేసును పట్టుకొని సిద్ధాంతము చేయరాదనుటకు ఇంతకు మించిన పాఠము లేదు.

ఇంతవరకు చెప్పిన కథలన్నిటిలోను మాటలాడినది వైద్యుడే. రోగియే మాటలాడిన కేసొకటి ఉన్నది. 1961లో అంటార్కిటికాలోని నొవొలజారెవ్‌స్కయా అను సోవియట్ స్థావరమునకు లియొనీద్ రోగొజోవ్ అను 27 సంవత్సరముల యువకుడు ఏకైక వైద్యుడు. ఏప్రిల్ చివర ఆయనకే అపెండిక్సు వాచినది. మంచుతుఫానులో విమానము వచ్చుటకు వీలులేదు. ఆగినచో ఉండుకము పగిలి మరణము తప్పదు. ఏప్రిల్ 30 రాత్రి, మే 1 తెల్లవారుజామున ఆయన తన పొట్టను తానే కోసికొన్నాడు. నొవొకేయిన్ సూదిమందుతో పొట్ట గోడను మాత్రము మొద్దుబార్చుకొన్నాడు. ప్రక్కనున్నవారిలో ఒకరు వాతావరణ శాస్త్రజ్ఞుడు, పనిముట్లు అందించువాడు. మరొకరు మోటారు వాహనపు డ్రైవరు, అద్దము పట్టువాడు. తాను స్పృహ తప్పినచో ఏమి చేయవలెనో వారికి ముందే నేర్పియుంచినాడు. అద్దములో అంతయు తారుమారుగా కనబడుటచే, చేతితొడుగులు లేకుండ వ్రేళ్ళ స్పర్శనే నమ్ముకొని పనిచేసినాడు. అరగంట దాటిన తరువాత తల తిరుగుట మొదలైనది. నాలుగైదు నిమిషములకొకసారి ఆగి ఊపిరి తీసుకొని మరల సాగించినాడు. గంటా నలుబదియైదు నిమిషములకు పని ముగిసినది. ఉండుకపు మొదట నల్లని మచ్చ ఏర్పడియుండెను. ఇంకొక దినము ఆగినచో పగిలెడిదే.

రెండు వారములలో ఆయన తన విధులలో చేరినాడు. 1964లో ఈ వృత్తాంతము సోవియట్ అంటార్కిటిక్ యాత్రల సమాచార పత్రికలో అచ్చయినది. తన దినచర్యలో ఆయన తన భయమును, చేతులు వశము తప్పుటను, సహాయకుల ముఖములు తెల్లబారుటను వ్రాసికొన్నాడు. పొట్ట లోపలి పొరను తెరచునపుడు తన కత్తియే పెద్దపేగు మొదలును గాయపరచినదనియు, దానిని కుట్టి ముందుకు సాగవలసి వచ్చెననియు కూడ వ్రాసినాడు. చూచినవారిలో మరొక వైద్యుడు లేడు; వ్రాయకుండినచో ఎవరికిని తెలిసెడిది కాదు.